పాత పార, తుప్పు కొడవలి, ఊడిన పిడి: పారేసే ముందు ఇవి చేసి చూడండి

మిద్దె మీద నాలుగు కుండీలు పెట్టుకున్నవాళ్ళ దగ్గర్నుంచి ఊళ్ళో రెండెకరాల మామిడితోట ఉన్నవాళ్ళ దాకా నన్ను అడిగేవి ఈ రెండే. "పార పిడి ఊడూడి వస్తా ఉంది, కొత్తది కొనేద్దామా?" "కొడవలి తుప్పు పట్టింది, ఇంక పనికొస్తుందా?" ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పలేక అంతా ఒకచోట రాస్తున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ తిరుపతిలో మా ఇంటి పెరట్లో, చిత్తూరు పక్కన మా ఊరి కయ్యల్లో చేసి చూసినవే. కొన్ని చెడగొట్టుకుని నేర్చుకున్నవి కూడా.

మా తాత పార ఒకటి ఉండేది. పిడి లేదు, నల్లగా తుప్పు పట్టి రాయిలా ఉండేది. పాత సామాన్లకు వేసే ముందు ఎందుకో ఊళ్ళో కమ్మరి తాత దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దాన్ని ఒక తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో టంగుమని కొట్టి, చెవి దగ్గరికి పెట్టుకుని విన్నాడు. "ఇనుము బాగుంది నాయనా. దీన్ని పారేసి అంగట్లో రేకు కొనుక్కుంటావా?" అన్నాడు. ఆ పార ఇప్పటికీ మా ఇంట్లో పనిలోనే ఉంది. కాబట్టి మొదటి పరీక్ష అదే.

ముందు బాగు చేయదగ్గదో కాదో చూసుకోండి

పిడి తీసేసిన పార తలనో, గొడ్డలినో తాడుతో వేలాడదీసి కొట్టండి. గంటలా ఖంగుమని మోగి, శబ్దం కాసేపు నిలిస్తే ఇనుము నిక్షేపంగా ఉన్నట్టు. పగిలిన కుండలా బొదబొదమంటే ఎక్కడో బీట ఉంది. తుప్పు గీకి వెతకండి. పిడి దూరే కంత దగ్గర బీట ఉంటే వెల్డింగ్ అంగడికి పోవాల్సిందే. అంచు నుంచి లోపలికి చిన్న బీట పోయి ఉంటే, ఆ బీట ఆగిన చోట 3 మిల్లీమీటర్ల బెజ్జం వేయించండి. బీట ఇంక ముందుకు పోదు. బెజ్జం బీట కొసకు సరిగ్గా తగలాలి, పక్కన వేస్తే లాభం లేదు.

తుప్పు ఇనుములోకి దిగి, వేలితో నొక్కితే పొరలు పొరలుగా ఊడి వస్తా ఉంటే దాన్ని వదిలేయండి. పైపైన ఎర్రగా, గరుగ్గా మాత్రమే ఉంటే భయపడాల్సిన పని లేదు.

కావాల్సినవి

అన్నీ ఒకేసారి కొనొద్దు. ఇంట్లో ఉన్నవి చూసుకుని, లేనివి మాత్రమే తెచ్చుకోండి.

- ఆకురాయి (ఇనుము అరగదీసే ఫైలు) ఒకటి, 8 లేదా 10 అంగుళాలది, చదునుది. డబ్బు పెట్టాల్సింది దీనికే. చవకది కొంటే రెండు పారలకే పళ్ళు అరిగిపోతాయి.
- పాత చింతపండు ఒక పిడికెడు. పులుసు పిండేసిన పిప్పి అయినా సరే, అప్పుడు రెండింతలు వేసుకోండి.
- వంటసోడా, కొబ్బరి పీచు, ఉప్పు కాగితం (గరుకు కాగితం) ముతకది, సన్నది చెరొకటి.
- కుట్టుమిషను నూనె చిన్న సీసా. పిడికి రాయడానికి అవిసె నూనె, హార్డ్‌వేర్ అంగట్లో కాచిన అవిసె నూనె అని అడగండి.
- పంక్చరు అంగట్లో పారేసిన సైకిల్ ట్యూబు. అడిగితే ఊరికే ఇస్తారు.
- రంపం, సుత్తి, పాత ఉలి.
- చేతికి మందపాటి గుడ్డ తొడుగు, కళ్ళకు అద్దాలు. చెప్పులు కాదు, బూట్లు వేసుకోండి.

తుప్పు ఇనుము గీరుకుంటే చిన్న గాయమే కదా అని వదలొద్దు. టీటీ ఇంజెక్షను ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ముందు ఆసుపత్రికి పోయి రండి. పార రేపైనా చేసుకోవచ్చు.

తుప్పు వదిలించడం

1. మట్టి అంతా గీకి, కడిగి ఆరబెట్టండి. మట్టి ఉంటే చింతపండు పని చేసేది మట్టి మీదే.

2. ప్లాస్టిక్ టబ్బులో 2 లీటర్ల గోరువెచ్చటి నీళ్ళు పోసి పిడికెడు చింతపండు పిసకండి. అల్యూమినియం గిన్నె వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. జింకు పూత ఉన్న బకెట్లు, రేకులు కూడా ఇందులో ముంచొద్దు. తుప్పుతో పాటు పూతా పోతుంది.

3. ఇనుప భాగం మాత్రమే మునిగేటట్టు రాత్రంతా వదిలేయండి. పిడి ఉంటే అది నీళ్ళకు బయటే ఉండాలి. టబ్బులో పట్టనంత పెద్దదైతే చింతపండు గుజ్జు మందంగా పట్టించి, పైన తడి గోనెపట్ట చుట్టండి. గోనె ఆరకుండా మధ్యమధ్యలో నీళ్ళు చల్లండి.

4. పొద్దున్నే కొబ్బరి పీచుకు ముతక ఇసుక అద్ది తోమండి. ఇత్తడి బోకులు తోమినట్టే. మొండి మచ్చలకు ఉప్పు కాగితం.

5. కడిగి, లీటరు నీళ్ళకు ఒక చెంచా వంటసోడా కలిపి ఆ నీళ్ళతో ఇంకోసారి కడగండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పులుపు ఇనుము సందుల్లో మిగిలితే రెండు రోజుల్లో మళ్ళీ తుప్పు, మునుపటికంటే ఎక్కువ.

6. వెంటనే పొడి గుడ్డతో తుడిచి ఎండలో పెట్టండి. "తర్వాత తుడుద్దాం" అని కాఫీ తాగి వచ్చేలోపు లేత ఎరుపు పొర వచ్చేస్తుంది. చేతికి వేడిగా తగిలేంత ఎండాక, ఆ వేడి మీదే నూనె గుడ్డతో పల్చగా రుద్దండి.

అయిందా లేదా ఎట్లా తెలుస్తుంది? తెల్ల గుడ్డతో గట్టిగా రుద్దితే గుడ్డకు ఎరుపు అంటకూడదు. ఇనుము వెండిలా మెరవాలని లేదు, బూడిద రంగులోనో నల్లగానో ఉంటుంది. అది తుప్పు కాదు, దాన్ని గీకుతూ కూర్చోవద్దు.

చింతపండు బదులు నిమ్మకాయ, ఉప్పు వాడొచ్చా అని అడుగుతారు. నిమ్మకాయ సరే. ఉప్పు వేస్తే పని తొందరగా అవుతుంది గానీ ఆ ఉప్పును పూర్తిగా కడగలేరు. మన బోరునీళ్ళలోనే చాలా ఉప్పు ఉంది, ఇంకొంచెం దేనికి?

ఇంక మరుగుదొడ్డి కడిగే యాసిడ్ సంగతి. అది పోస్తే తుప్పు నిమిషాల్లో పోతుంది, నిజమే. దాని ఆవిరి మీ ఊపిరితిత్తులకు ఎంత చెడ్డదో చుట్టుపక్కల ఇనుముకూ అంతే చెడ్డది. 2021 నవంబరులో తిరుపతి వీధులన్నీ ఏరులైన వానలకు మా కింది గదిలోకి మోకాలి లోతు నీళ్ళు వచ్చాయి. పనిముట్లన్నీ బురదలో నానాయి. కడిగి, తుడిచి, నూనె రాసి బీరువాలో పెట్టాను. నెల తిరక్కుండానే అన్నీ ఎర్రగా అయిపోయాయి. వాన తేమే అనుకున్నా. చూస్తే అదే బీరువా కింది అరలో సగం వాడిన యాసిడ్ సీసా, మూత సరిగ్గా పెట్టలేదు. రాత్రీ పగలూ ఆ ఆవిరి పనిముట్లను తింటా ఉంది. అప్పట్నుంచి ఆ సీసా, పనిముట్లు ఒకే గదిలో కూడా పెట్టను. బ్లీచింగ్ పౌడరుతో యాసిడ్ కలవనే కలవకూడదు, విషవాయువు వస్తుంది.

పదును పెట్టడం

ఇక్కడ ఒకటే సూత్రం. కొత్త వాలు (అంచు దగ్గర ఏటవాలుగా అరగదీసిన భాగం) మీరు కనిపెట్టొద్దు, ఉన్న వాలునే పట్టుకోండి. పార తయారు చేసినప్పుడు ఏ పక్క వాలు ఇచ్చారో ఆ పక్కే ఆకురాయి వేయాలి. రెండో పక్క చదునుగా వదిలేయాలి.

1. పారను కదలకుండా బిగించండి. వైసు (బిగించి పట్టే ఇనుప దవడ) లేకపోతే మిద్దె మెట్ల మీద పెట్టి కాలితో తొక్కి పట్టండి, లేదా కొయ్య దిమ్మకు తాడుతో కట్టేయండి. అంచు మీకు అవతలి వైపుకు ఉండాలి.

2. అంచు పొడవునా నల్ల మార్కరు పెన్నుతో గీత గీయండి. ఇది నా దృష్టిలో కొత్తవాళ్ళకు అన్నిటికంటే పనికొచ్చే ఉపాయం. నాలుగు సార్లు ఆకురాయి తోసి చూడండి. గీత అంతటా సమంగా చెరిగితే మీ వాలు సరైనదే. పైన మాత్రమే చెరిగితే ఆకురాయిని కొంచెం ఎత్తండి, అంచు దగ్గరే చెరిగితే దించండి.

3. ఆకురాయిని ముందుకు తోసేటప్పుడే ఒత్తండి. వెనక్కి తెచ్చేటప్పుడు పైకి ఎత్తేయండి. రంపంలా ముందుకూ వెనక్కూ లాగితే కోసేది ఇనుమును కాదు, ఆకురాయి పళ్ళను. కీచుమని అరిస్తే ఒత్తిడి తక్కువ, లేదా పళ్ళలో ఇనుప పొడి ఇరుక్కుంది. పాత టూత్‌బ్రష్‌తో దులిపి, సుద్దముక్క రుద్దుకుని మళ్ళీ మొదలుపెట్టండి.

4. అవతలి పక్క అంచు మీద వేలిని అడ్డంగా (అంచు పొడవునా కాదు, తెగుతుంది) మెల్లగా లాగితే సన్నగా గరుకు తగలాలి. ఆ గరుకు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటే పదును వచ్చినట్టు. ఆ పక్క ఆకురాయిని చదునుగా పెట్టి రెండు సార్లు మెల్లగా లాగి గరుకు తీసేయండి.

ఎంత వాలు ఉండాలి? పారకు మొద్దుగా, 35 నుంచి 45 డిగ్రీల దాకా. మన ఎర్రనేలలో గులకరాళ్ళు ఎక్కువ, సన్నగా పెడితే మొదటి రాయికే అంచు మడత పడుతుంది. కత్తికి, మామూలు కొడవలికి 20 నుంచి 25. డిగ్రీలు కొలిచే పని లేదు. నలుచదరం కాగితాన్ని మూల నుంచి మూలకు మడిస్తే 45, దాన్ని ఇంకోసారి మడిస్తే 22 చిల్లర. ఆ రెండు మడతల్ని పక్కన పెట్టుకుని చూసుకోండి, చాలు.

పదును చూడటానికి: అంచును వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. మొద్దుగా ఉన్న చోట తెల్లటి గీత మెరుస్తుంది. పదునైన అంచు మీద ఏమీ మెరవదు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, వీధిలో సైకిలు చక్రంతో సాన పట్టేవాళ్ళు వస్తారు. ఇచ్చేటప్పుడు పక్కన మగ్గుతో నీళ్ళు పెట్టి, "మధ్యమధ్యలో ముంచన్నా" అని చెప్పండి. కరెంటు గ్రైండరు అంగడికి ఇచ్చినా అంతే. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ వేడి 300 డిగ్రీల దాకా పోయిందని, పదును నిలిచే గట్టిదనం చాలావరకు దిగిపోయిందని అర్థం. ఆ తర్వాత ఎన్నిసార్లు సాన పట్టినా పొద్దున పెట్టిన పదును సాయంత్రానికి ఉండదు. నీలం తిరిగిన మేర అంతా ఆకురాయితో అరగదీయాల్సిందే.

రెండు, కోత కొడవలికి పళ్ళు ఉంటాయి కదా, దాని మీద ఆకురాయి వేయొద్దు. పళ్ళు అరిగితే కమ్మరి దగ్గర కక్కు కొట్టించాలి. అది ఉలితో ఒక్కో పల్లూ లెక్కగా వేసే పని, ఇంట్లో మన చేత కాదు. నేను ప్రయత్నం చేశాను. ఆ కొడవలి ఇప్పుడు కొబ్బరి మట్టలు లాగడానికి కొక్కెంగా పనికొస్తా ఉంది.

పిడి: అందరూ తప్పు చేసేది ఇక్కడే

పార తల వదులైతే మన వైపు చేసే పని ఏమిటి? తెల్లారి పనికి పోయే ముందు తొట్టిలో ముంచడం. కట్టె ఉబ్బి బిగుస్తుంది. ఆ పూటకు బాగానే ఉంటుంది. కానీ ఉబ్బిన కట్టెకు ఇనుప కంతలో పోవడానికి చోటు లేదు, దాని నారలు అక్కడే నలిగిపోతాయి. సాయంత్రం ఆరాక చూడండి, నిన్నటికంటే ఎక్కువ వదులు. రేపు ఇంకొంచెం సేపు నానబెడతారు. ఇట్లా ఒక ఏడాదిలో మంచి పిడి పీచు అయిపోతుంది, పైగా లోపల తేమకు కంత తుప్పు పడుతుంది. వదులైన పార తల పని మధ్యలో ఊడి ఎగిరితే పక్కన ఉన్నవాళ్ళ కాలు పోతుంది. కాబట్టి నీళ్ళు వద్దు. పిడి మంచిదే, తల కొంచెమే ఆడుతా ఉంటే కొత్త చీల (బిగువు కోసం పిడి కొసలో కొట్టే కట్టె ముక్క) కొట్టి, కంత దగ్గర అవిసె నూనె తాగినంత పోయండి. నూనె నీళ్ళలా ఆరిపోదు.

పిడి విరిగిపోతే కొత్తది వేసుకోవాలి. ఇట్లా.

1. కంతలో ఇరుక్కున్న పాత ముక్కను తీయండి. ఇక్కడ పెద్ద తప్పు, పార తలను పొయ్యిలో వేసి కట్టెను కాల్చేయడం. కట్టె పోతుంది, దాంతో పాటు అంచు గట్టిదనమూ పోతుంది. ఎండాకాలం అయితే మిద్దె మీద పడేయండి. గంగ జాతర నాటి ఎండలకు వారం రోజుల్లో కట్టె ముడుచుకుని, సుత్తితో ఒక దెబ్బకే జారి వస్తుంది. తొందరగా కావాలంటే ముక్కలో డ్రిల్లుతో నాలుగైదు బెజ్జాలు వేసి ఉలితో పొడవండి. కాల్చక తప్పదు అనుకుంటే అంచు భాగాన్ని తడి బురదలో పూడ్చి కంత దగ్గర మాత్రమే మంట పెట్టండి.

2. కట్టె ఎంచుకోండి. తుమ్మ మేలు, తర్వాత చింత (బరువు ఎక్కువ), ఆ తర్వాత యాప. గట్టి వెదురు, అంటే లోపల బోలు లేనిది, తేలిగ్గా బాగుంటుంది. సవుకు కట్టె అంగట్లో నున్నగా దొరుకుతుంది గానీ పొడవునా చీలుతుంది, చూసి తీసుకోండి. మన జిల్లాల్లో తోతాపురి తోటలు కొమ్మలు కొట్టినప్పుడు మామిడి కట్టె కుప్పలుగా ఊరికే దొరుకుతుంది. దాని జోలికి పోవద్దు. మెత్తన, పురుగు పట్టేస్తుంది. ఇంకో మాట, శేషాచలం వైపు నడకకు పోయినప్పుడు ఎర్రటి కట్టె ముక్క ఏదైనా కనబడి "దీంతో పిడి భలే ఉంటుందే" అనిపిస్తే అక్కడే పెట్టి రండి. ఎర్రచందనం ముక్క చేతిలో ఉంటే పార పిడి కోసం అంటే ఎవరూ నమ్మరు.

3. పచ్చి కట్టె అయితే బెరడు తీసి, రెండు కొసలకూ కరిగించిన కొవ్వొత్తి మైనం పూసి, నీడలో కనీసం మూడు నెలలు ఆరబెట్టండి. ఎండలో పెడితే కొసలు చీలుతాయి. మైనం పూసేదీ అందుకే. అంత ఓపిక లేకపోతే పాత మంచం కోడు, పాత వాకిలి చట్రం పట్టీ లాంటివి చూడండి. ముప్పై ఏళ్ళు ఆరిన కట్టె మీకు ఏ అంగట్లోనూ దొరకదు.

4. నారలు ఈ కొస నుంచి ఆ కొసకు నిలువుగా పోవాలి. మధ్యలో పక్కకు జారిపోయినా, ముడి ఉన్నా అక్కడే విరుగుతుంది. పొడవుకు కొలత: పార తల నేల మీద ఆనించి పిడి నిలబెడితే దాని కొస మీ బొడ్డు దగ్గరకు రావాలి. వంగి కలుపు తీసే చిన్న పారకు ఇది వర్తించదు.

5. కంతలో దూరే కొసను కొంచెం కొంచెంగా చెక్కండి. చెక్కడం, దూర్చి చూడటం, తీయడం. కంతలోపల సుద్దపొడి పూసి దూరిస్తే ఎక్కడ తగులుతుందో కట్టె మీద తెల్లగా పడుతుంది, ఆ చోట మాత్రమే తీయండి. ఒకేసారి చెక్కేస్తే వదులవుతుంది, తిరిగి అంటించలేం కదా. బిగువుగా దూరి, కొస కంత అవతలికి అర అంగుళం రావాలి.

6. దూర్చే కొస మధ్యలో రంపంతో ఒక గాడి కోయండి, లోతు కంత లోతులో మూడింట రెండు వంతులు. కట్టె కొసన కనిపించే నారల గీతలకు ఈ గాడి అడ్డంగా ఉండాలి. గీతల వెంబడే కోస్తే చీల కొట్టినప్పుడు పిడి పొడవునా చీలుతుంది.

7. పార తల పైకి పెట్టి దూర్చి, పిడి రెండో కొసను సుత్తితో కొట్టండి. చాలామంది పార తల మీద కొడతారు. పిడిని గాలిలో పట్టుకుని కింది కొస మీద కొడితే తల దాని బరువుకు అదే కిందికి దిగుతుంది. ఒకసారి చూస్తే గానీ నమ్మరు.

8. ఆరిన గట్టి కట్టెతో ఒక పక్క మందంగా, ఇంకో పక్క పల్చగా చీల చెక్కి గాడిలో కొట్టండి. ఇనుప మేకులు నాలుగైపులా కొట్టొద్దు. ఆ మేకులు తుప్పు పట్టి కట్టెను నల్లగా కుళ్ళబెడతాయి, మళ్ళీ పిడి మార్చేటప్పుడు తీయడం నరకం.

9. పిడికి ఉప్పు కాగితం వేసి, అవిసె నూనె పూసి, పావుగంటాగి మిగిలింది తుడిచేయండి. రోజు విడిచి రోజు మూడు పూతలు. సెనక్కాయ నూనె, ఆముదం వద్దు. అవి కట్టె మీద సరిగ్గా ఆరవు, జిగటగా మట్టి పట్టుకుంటాయి. వార్నిషు మెరుస్తుంది గానీ చేతికి బొబ్బలు తెస్తుంది.

అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలా చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో వేడి పోక దానంతట అదే అంటుకున్న సందర్భాలు ఉన్నాయి. విప్పి తీగ మీద ఆరేసి, పూర్తిగా ఎండాక చెత్తలో వేయండి.

పరీక్ష: పిడి పట్టుకుని పార తలను మెత్తటి నేల మీద పదిసార్లు గట్టిగా వేయండి. కంత దగ్గర కట్టె మీద ముందే పెన్సిలుతో గీత గీసి ఉంచండి. గీత జరక్కపోతే పనికి పోవచ్చు. జరిగితే చీల ఇంకొంచెం.

పిడి విరగలేదు, నిలువుగా చీలింది అంతే అయితే బతికించుకోవచ్చు. చీలికను ఉలితో కొంచెం తెరిచి ఫెవికాల్ లోపలికి పట్టించి, తాడుతో బిగించి ఒక రోజు వదలండి. తర్వాత సైకిల్ ట్యూబును అంగుళం వెడల్పు పట్టీగా కోసి, సాగదీస్తూ, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేటట్టు చుట్టండి. చివరి కొసను ఆఖరి చుట్టు కిందికి దూర్చి లాగేయండి, ముడి అవసరం లేదు. చెయ్యి జారదు కూడా. అడ్డంగా పగిలిన పిడికి మాత్రం ఎన్ని ట్యూబులు చుట్టినా మోసమే. పొయ్యిలో పెట్టండి.

కొమ్మ కత్తెర

నట్టు విప్పి రెండు ముక్కలూ వేరు చేయండి. విప్పే ముందు ఫోనులో ఒక ఫోటో తీసుకోండి, బిగించేటప్పుడు స్ప్రింగు ఏ వైపు ఉండేదో మర్చిపోతాం. జిగురును నూనె గుడ్డతో తుడిచి, వాలు ఉన్న బ్లేడుకు, ఆ పక్క మాత్రమే సన్న ఆకురాయి వేయండి. చదును పక్క ముట్టుకుంటే రెండు బ్లేడుల మధ్య సందు వచ్చి కొమ్మ తెగదు, నలుగుతుంది. పరీక్షకు న్యూసుపేపరు కత్తిరించండి. చిరిగినట్టు వస్తే ఇంకా పని ఉంది.

స్ప్రింగు పోయిందా? అరిగిన హవాయి చెప్పు నుంచి బొటనవేలంత ముక్క కోసి, పిడుల మధ్య కీలుకు దగ్గరగా ఇరికించి దారంతో కట్టండి. అసలు స్ప్రింగంత బాగుండదు. పని జరుగుతుంది.

నిమ్మచెట్టుకు గజ్జి తెగులు ఉంటే, ఆ కత్తెరతో ఇంకో చెట్టు ముట్టుకునే ముందు స్పిరిట్‌తో తుడవండి.

కారేవి, పగిలేవి

నీళ్ళ పైపు: కారే చోట ట్యూబు చుట్టడం ఒక వారం మాట. అక్కడ పూర్తిగా కోసేసి, ప్లాస్టిక్ జాయింటు దూర్చి రెండు పక్కలా క్లిప్పులు బిగించండి. పైపు కొసలు వేడినీళ్ళలో ఒక నిమిషం పెడితే సులువుగా దూరతాయి.

ప్లాస్టిక్ బకెట్, నీళ్ళ డబ్బా: ఎమ్‌సీల్ పెట్టి "నిలబడటం లేదు" అంటారు. నిలబడదు. మన బకెట్ల ప్లాస్టిక్‌కు అది సరిగ్గా అంటుకోదు. అదే రకం ప్లాస్టిక్ ముక్కను పగులు మీద పెట్టి, కాల్చిన అట్లకాడ కొసతో కరిగించి కలపాలి. బయట గాలిలో చేయండి, పొగ పీల్చొద్దు. తర్వాత ఆ అట్లకాడ దోసెలకు వాడొద్దు.

పూలకు నీళ్ళు చల్లే డబ్బా మూతి బెజ్జాలు మూసుకుపోయాయంటే అది బోరునీళ్ళ ఉప్పు. వెనిగరులోనో నిమ్మరసంలోనో ఒక రాత్రి వేస్తే వదులుతుంది. మందు కొట్టే పంపు నాజిలు మూసుకుపోతే మాత్రం నోటితో ఊదొద్దు. టూత్‌బ్రష్, నీళ్ళు, అంతే. చేతిపంపు తోలు వాషరు ఎండి గాలి పట్టకపోతే ఆముదంలో ఒక రాత్రి నానబెట్టండి. ఆముదం పనికొచ్చేది ఇక్కడ.

లేనివాటికి బదులు

కుండీల్లో మట్టి తవ్వడానికి పాత ఇనుప గరిటె చాలు. ఎరువు తోడటానికి కొబ్బరి చిప్ప. నారు గుంతలకు విరిగిన గొడుగు కమ్మి. వీటికి డబ్బు పెట్టడం నాకు నచ్చదు. అరిగి చిన్నదైపోయిన పార తలను పారేయకండి, కమ్మరి దాన్నే కోసి కలుపు తీసే చిన్న పారగా కొట్టి ఇస్తాడు. లారీ కమాను కట్ట ముక్క పాత ఇనుము అంగట్లో దొరికితే మంచి మచ్చుకత్తి అవుతుంది. అదీ కమ్మరి పనే, మీరు గ్రైండరు పట్టుకుని మొదలుపెట్టొద్దు.

దాచిపెట్టడం

పని అయ్యాక మట్టి గీకి, తుడిచి, నూనె గుడ్డ ఒకసారి ఆడించి, గోడకు మేకు కొట్టి వేలాడదీయండి. పచ్చి సిమెంటు నేల మీద ఆనించి పెడితే తేమ అంచుకే తగులుతుంది. బకెట్‌లో ఇసుక, నూనె కలిపి అందులో పార గుచ్చే పద్ధతి చాలామంది చెబుతారు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన స్వర్ణముఖి ఇసుక బాగా ఎండబెట్టి, బకెట్టుకు ఒక గ్లాసు కుట్టుమిషను నూనె కలిపి నేనూ చేశాను. గుచ్చి తీయడానికి భలే ఉంది, మట్టి మొత్తం వదులుతుంది. కానీ గుచ్చి వదిలేయొద్దు, వానాకాలం ఆ ఇసుకే తేమ పీల్చి ఇనుముకు పట్టిస్తుంది. వాడిపోసిన ఇంజను నూనె ఊరికే దొరుకుతుందని ఆకుకూరల మడిలో తిరిగే పారకు రాయకండి.

ఏడాదికి ఒకసారి అన్నీ ముందరేసుకుని చేయడానికి మంచి రోజులు ఆయుధపూజకు ముందు వారం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు గట్టిగా పడేది ఆ తర్వాతే. పూజలో పారకు పసుపు, కుంకుమ తడిగా పెడతాం, నిమ్మకాయ కోసి అద్దుతాం, బొరుగులు చల్లుతాం. పండగ అని ఆ బొట్టును వారం దాకా అట్లాగే ఉంచేస్తారు కొందరు. మా పార మీద రూపాయి బిళ్ళంత మచ్చ ఒకటి ఉంది, సరిగ్గా బొట్టు పెట్టిన చోట, లోపలికి గుంట పడింది. మర్నాడు పొద్దున్నే నీళ్ళు చల్లుకుని దణ్ణం పెట్టుకుని, తడిగుడ్డతో బొట్టు తుడిచేసి, ఎండబెట్టి, నూనె రాసి మేకుకు తగిలించండి.